చీర నలగకూడదని

కారు కొన్న కొత్తలో, పాలకుర్తిలో మా మరదలి పెళ్లికని తొర్రూరు నుంచి బయలుదేరాం. నా భార్య సుజాత ముందు సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకోలేదని కారు కుయ్ కుయ్‌మని ఒకటే మోత.

"గిది పెట్టుకుంటే పట్టుచీర నలుగుతది. జర దాని నోరు మూయించరాదూ" అంది.

నేనే బెల్టు లాగి, ఆమె వీపు వెనక నుంచి పోనిచ్చి లాకులో గుచ్చాను. మోత ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కోతల రోజులు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే పక్కకు తిప్పి బ్రేకు తొక్కాను. వడ్ల మీద చక్రాలు జారి, కారు కల్వర్టు గోడను గుద్దింది. నన్ను బెల్టు ఆపింది. సుజాత ముందుకు విసురుగా పోయింది. అప్పుడే ఎయిర్‌బ్యాగు పేలినట్టు తెరుచుకుని ఆమె గడ్డం కింద గుద్దింది.

"నా కాళ్లు నాకు తెలుస్తలేవయ్యా" అంది.

"బెల్టు మనిషిని పట్టి ఉంచితేనే ఆ బ్యాగు కాపాడుతది. ముందుకుపోతే అదే మెడ విరుస్తది. వీపు వెనక ఎవరు పెట్టిన్రు గట్ల?" అని దవాఖానలో డాక్టర్ అడిగాడు.

రెండేళ్లయింది. ఆమెకు మెడ కింద ఏదీ కదలదు, ఇక కదలదట. రోజూ పొద్దున చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా ఛాతీకి అడ్డంగా బెల్టు కడతాను. ఒంటి మీద నేత చీర ముడతలు పడుతుంటే నా చేయి ఆగుతుంది.

"నలిగితే నలగనియ్, గట్టిగ కట్టు" అంటుంది.