ఖైరున్నీసా కట్టిన ఆరు ప్యాకులు

ప్రొద్దుటూరులో ఆటో బ్యాటరీలు బాగుచేసే ఖైరున్నీసాకు ఎడమచేతి వేళ్లు రెండు ముడుచుకోవు. మూడేళ్ల కిందట ఉబ్బిన లిథియం సెల్లు లోపల ఏముందో చూద్దామని కోస్తే గుప్పున మంట లేచింది. ఆ తర్వాత ఆమె ఏ సెల్లునూ కోయలేదు. భర్త పోయాక ఇన్వర్టర్ల దుకాణాన్ని తనే నిలబెట్టుకుంది. సెల్లులు పేర్చి ఎలక్ట్రిక్ ఆటోలకు ప్యాకులు కట్టివ్వడం కూడా నేర్చుకుంది.

ఈ ఎండాకాలం జమ్మలమడుగు నుంచి మనోహర్ తన ఆటోను తెచ్చాడు. అందులో ఉన్నది ఆమె కట్టిన ప్యాకే.

"చార్జింగ్ పెడితే ఒక పక్క శానా కాలుతాంది అక్కా."

మీటరు పెడితే ఓల్టేజి సరిగ్గానే ఉంది. చేయి పెడితే మాత్రం పెట్టె సెగలు కక్కుతోంది.

పాత సెల్లుల మీద పరిశోధన చేసే భార్గవి అప్పుడప్పుడూ దుకాణానికి వచ్చేది. ఖైరున్నీసా వేడెక్కిన వైపు సెల్లులు విప్పి, వాటిలో చార్జింగ్ దింపేసి, భార్గవి పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీకి పంపింది. నాలుగో రోజు పొద్దున భార్గవి స్కాన్ బొమ్మ పంపి ఫోన్ చేసింది.

"మనుషులకు తీసే స్కాన్ మాదిరే అక్కా. కోయకుండానే పొరలన్నీ కనపడతాయి. చాప చుట్టినట్టు వరుసగా ఉండాల. దీంట్లో మధ్యన కుంగి మడతపడింది. మడత పక్కనే తెల్ల చుక్క ఉంది చూడు, అది లోహపు రవ్వ."

"వాడకంలో వచ్చిందా?"

"మడత వాడకంలో వచ్చిందే. రవ్వ మాత్రం తయారీలోనే పడుంటాది. అది పొరను పొడిచిందంటే లోపలే షార్టయి మంట లేస్తాది. వీటితో పాటు ఒకే లాటులో వచ్చిన సెల్లులు ఇంకా యాడన్నా ఉండాయా?"

ఇంకో ఐదు ఆటోల్లో ఉన్నాయి. ఆటోలు ఆపేయమని చెప్పడానికి ఖైరున్నీసా ఆ డ్రైవర్లకు ఫోన్ కలిపింది.

నలుగురు ఫోన్ ఎత్తి, ఆటోలు ఆపేశారు. పులివెందుల అశ్వత్థనారాయణ ఫోన్ స్విచాఫ్. మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసేటప్పుడు వరండాలోనే చార్జింగ్ పెడతాడని ఆమెకు తెలుసు. దుకాణం మూసి బస్సెక్కింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు ఆగిపోయింది. ఆమె అతని నంబరు నొక్కుతూనే ఉంది. ఆ వరండాను ఆనుకునే వంటిల్లు అన్న సంగతి మాటిమాటికీ గుర్తొచ్చింది.

చేరేసరికి చార్జరు లైటు వెలుగుతోంది. పలకరించకుండానే పోయి ప్లగ్గు పీకేసింది. ప్యాకు వేడిగా ఉంది.

"ఏందమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చి వైరు పీకుతాండావు?" అన్నాడు అశ్వత్థనారాయణ, చేతికంటిన అన్నం మెతుకులతోనే.

"ముందు ఆటోను బయట ఖాళీ జాగాలోకి తోద్దాం పట్టన్నా. తర్వాత తిట్టు."

ఇద్దరూ తోశారు. అప్పుడు చెప్పింది. "నేను కట్టిన దాంట్లోనే లోపముంది. నాకు కనపడలేదు."

"మా పిల్లోళ్లను దీంట్లోనే బడికి దింపుతాండా," అన్నాడతను.

ఐదు ప్యాకుల్లోని సెల్లులనూ భార్గవి నెల రోజులు స్కాన్ చేసింది. అశ్వత్థనారాయణ ప్యాకులో ఒక్క మచ్చా లేదు, ఆ వేడి ఎండదే. సింహాద్రిపురం ఆటోలో మాత్రం రవ్వలున్న సెల్లులు మూడు బయటపడ్డాయి. దాన్ని గురించి ఖైరున్నీసా అంతగా బెంగపడనేలేదు. ఫోన్‌లో ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఆ డ్రైవరు మాట వినకుండా నడిపి ఉంటే?

లోపమున్న సెల్లులన్నీ మార్చి ఇచ్చింది. అశ్వత్థనారాయణ తన ప్యాకు తీసుకుపోయాడు గానీ మళ్లీ ఆమె దుకాణం మెట్టు ఎక్కలేదు.

ఇప్పుడు కొత్త లాటు వస్తే పది సెల్లులు స్కాన్‌కు పంపకుండా ఆమె ప్యాకు కట్టదు. జవాబు వచ్చేదాకా అన్నం సహించదు. సోమవారం పంపిన వాటి సంగతి భార్గవి ఇంకా చెప్పలేదు.