న్యాల్‌కల్ తేనెటీగ కాలు

మా జహీరాబాద్ కాలేజీ మ్యూజియంలో సూదులకు గుచ్చి దాచిన పాత తేనెటీగలకు ఫొటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించిన మేడం, పెట్టె తెరిచే ముందు ఎండాకాలమైనా ఫ్యాను ఆపేవారు, గాలికి రెక్కలు రాలుతాయని. గ్రంథాలయంలో కీటకాల పుస్తకాలన్నీ చదివానన్న ధీమాతో నేను పక్కన కూర్చుని, ఈగల కింద ఊరి పేరు, తేదీ రాసిన మాసిపోయిన చీటీలు చదివిపెట్టేవాణ్ణి.

ఒకరోజు, న్యాల్‌కల్‌లో దొరికిన ఒకే ఒక్క ఈగ కాలు ఆమె చేతిలోనే విరిగింది. ఆమె ముఖం వాడిపోయింది.

"ముందుగాలనే విరిగిందని రాయుండ్రి మేడం. ఎవరికెరుక?" అన్నాను.

"నీకెరుక, నాకెరుక. చాలదా తమ్మీ? గిన్ని పుస్తకాలు చదివి గిదేనా నేర్చింది?"

కాలును చిన్న అట్టముక్కకు అంటించి, ఈగ పక్కనే గుచ్చారు. ఫొటో కింద, "కాలు ఈరోజు నా చేతిలో విరిగింది" అని టైపు చేసి తన పేరు రాశారు.

అన్ని ఈగల ఫొటోలూ ఎక్కించిన ఆమె పేరు కంప్యూటర్‌లో కనిపించేది ఆ ఒక్క చోటే.