సాయంత్రం తీసిన కొలత

కాళ్ళు పొద్దున ఒక కొలత, సాయంత్రం ఒక కొలత ఉంటాయని మా తాత చెప్పేవాడు. అందుకే నాకు బూట్లు కొనడానికి తమిళనాట మాకు దగ్గరి టౌనైన ధర్మపురి వెళ్ళిన రోజున సాయంత్రం నాలుగు దాటేదాకా మమ్మల్ని కొట్టు గడప తొక్కనివ్వలేదు. బస్టాండులో కూర్చోబెట్టి టీ తాగించాడు, బన్ను తినిపించాడు, ఆ తర్వాత బజారు పొడవునా నన్ను ఒట్టి కాళ్ళతో అటూ ఇటూ నడిపించాడు.

"ఇంకో తూరి పోయి రా పాపా. కాలు బాగా విచ్చుకోవాల."

పక్కన మా అమ్మ ఉడికిపోతోంది. బూట్లకని తెచ్చిన డబ్బు ఆమె కూలి డబ్బు. ఆ వేసవంతా చింతకాయలు కొట్టి గింజ తీసే పనికి పోయింది. పులుపుకి వేళ్ళ సందులు పగిలి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి మండేది. ఆమె ఆలోచన సులువైనది. రెండు సైజులు పెద్దవి కొంటే మూడేళ్ళు వస్తాయి. ముందు గుడ్డ కుక్కుకుంటే సరి.

నాకు అప్పుడు పదమూడేళ్ళు. మా వాడలో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. టౌనులో ఆడపిల్లల బడిలో, తాత మాటలో పళ్ళికూడంలో, తొమ్మిదిలో సీటు వచ్చింది. అక్కడ నల్ల బూట్లు లేనిదే వరసలో నిలబడనివ్వం అన్నారు. వారం గడువిచ్చారు.

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళో ప్రతి పెద్ద రైతు కాలికీ ఆయన చేతి జతే. దానికి కూలిగా కళ్ళంలో ఇన్ని మానికలని ధాన్యం కొలిచేవారు. ఎవరి మడమ ఎటు అరుగుతుందో, ఎవరి బొటనవేలు పక్కకి తిరిగిందో ఆయనకు కంఠోపాఠం. మా ఇంట్లో మాత్రం ఆయన కుట్టిన జత ఒక్కటీ లేదు. ఉన్నా ఎక్కడ వేసుకుంటాం? మా వాడ నుంచి బస్సు ఆగే చోటికి దారి ఒకటే, అది ఊరి పెద్ద వీధి. ఆ వీధి మొదలు రాగానే మావాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారు. వీధి దాటాక తొడుక్కునేవారు. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే చించేయడానికైనా ఒక కాగితం దొరికేది.

కొట్టులో తాత వేరే మనిషి అయిపోయాడు. మొదటి జతను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి పక్కన పెట్టేశాడు. రెండో దాని అడుగు అంచును గోటితో గీకాడు. లోపలినుంచి అట్ట ముక్క పొట్టులా రాలింది. కొట్టతను తమిళంలో ఏదో అనబోయి ఆగాడు. మూడో జతను వేళ్ళ దగ్గర వంచి, వదిలి, మళ్ళీ వంచి, కుట్టును కంటికి ఆనించి చూసి నా వైపు తోశాడు.

పనివాడు నా ముందు కింద కూర్చున్నాడు. నా కాలు తీసి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను సిగ్గుతో వెనక్కి లాక్కున్నాను. తాత ఆ పనివాడి చేతుల వైపే చూస్తూ ఉండిపోయాడు. యాభై ఏళ్ళుగా అలా కింద కూర్చుని ఊరివాళ్ళ కాళ్ళు కొలిచింది ఆయన. మా ఇంటి మనిషి కాలును ఇంకొకరు అలా పట్టుకోవడం ఆయన చూడటం అదే మొదటిసారి.

"కూసోని చూస్తే ఏం తెలస్తాది? లేసి నిలబడు. రెండు కాళ్ళ మీదా బరువెయ్యి," అన్నాడు. మునివేళ్ళ ముందు బొటనవేలితో నొక్కి చూశాడు. పక్కలు నొక్కాడు. మడమ వెనక వేలు దూర్చబోతే దూరలేదు. "ఇది. ఇదే."

"వచ్చే ఏడుకి పట్టవు మామా," అంది అమ్మ. "పెద్దవి తీసుకుందాం."

"పెద్దవైతే కాలు లోపల జారతాది. బొబ్బలెక్కి పిల్ల కుంటుతా పోతాది పళ్ళికూడానికి. దుడ్డు నీదే అమ్మా, కాలు దానిది."

అమ్మ కొంగు ముడి విప్పి డబ్బు ఇచ్చింది. అట్ట ఉన్న జత కంటే ఇవి దాదాపు రెట్టింపు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇల్లు చేరాక మాత్రం బూట్లను తన చీర కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది. "సోమవారం ఇక్కడే, వాకిట్లోనే తొడుక్కోవాల. తొడుక్కోనే వీధిలో పోవాల. టక్ టక్ మని. చూసేవాళ్ళు చూస్తారు," అంది. అప్పటిదాకా నేను బూట్లంటే బడి అనుకున్నాను. ఆ వేసవంతా ఆమె వేళ్ళు పగలగొట్టుకున్నది దేనికో అప్పుడు అర్థమైంది. నాకు భయం వేసింది, గర్వంగానూ అనిపించింది.

సోమవారం పొద్దున అమ్మే లేసులు కట్టింది. పాదం అందులో ఎంత హాయిగా ఇమిడిందంటే, ఇన్నాళ్ళూ నా కాళ్ళు నావి కావేమో అనిపించింది. వాడ దాటాను. మలుపు తిరిగితే పెద్ద వీధి. ఆ మలుపులో మా తాత నిలబడి ఉన్నాడు.

ఆయన చేతిలో ఒక సంచి. తోలు సంచి. కొత్తది. నూనె రాసి మెత్తబరిచిన మేలైన తోలు, దగ్గర దగ్గరగా వేసిన సన్న కుట్టు, భుజానికి తగిలించుకునే పట్టె. రెండు రాత్రులు ఆయన దీపం ముందు కూర్చుని చేసింది ఇదా! ఎవరో రైతు పని అనుకున్నాం.

"విప్పి ఇందులో పెట్టుకో పాపా," అన్నాడు. "దుమ్ము పడదు."

"అమ్మ తొడుక్కోనే పొమ్మనింది."

"నువ్వు ఇవి తొడుక్కోని ఆ వీధిలో పోతే, రేపు మీయమ్మను కూలికి ఎవురు పిలస్తారు? నువ్వు చదువుకో. బూట్లు యాడికీ పోవు."

నేను మట్టిలో కూర్చుని లేసులు విప్పాను. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఇప్పుడు నా మీద నాకు ఇంత కోపం ఉండేది కాదు. బూట్లు ఆ సంచిలో సరిగ్గా ఇమిడాయి, ఒక వేలు ఖాళీ కూడా లేదు. గూట్లోంచి ఎప్పుడు తీసి కొలుచుకున్నాడో మరి. పుట్టాక ఆయన నా కోసం కుట్టిన మొదటి వస్తువు అది.

వీధి మధ్యలో తిన్నె మీద కూర్చున్న పెద్ద రైతు నన్ను కాదు, సంచిని చూశాడు. వెనక వస్తున్న తాతను ఆపి, పనితనం బాగుంది, నాకూ ఒకటి కుట్టిపెట్టు అన్నాడు. అందులో ఏముందో ఆయనకు తెలియదనుకోను. "సరింగ సామీ," అని ఒప్పుకున్నాడు తాత, నవ్వుతూ. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

అమ్మకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది. సంచి చూసింది, తాత వైపు చూసింది, లోపలికి వెళ్ళి పొయ్యి ఊదుకుంది. ఆ రోజు నుంచి బూట్లను కొంగుతో తుడవడం మానేసింది.

రెండేళ్ళు అలాగే మోశాను. వీధి అవతల తొడుక్కునేదాన్ని, వీధి ఇవతల విప్పేదాన్ని. పదో తరగతి చివరికి వేళ్ళు ముడుచుకుంటే తప్ప కాళ్ళు పట్టలేదు. తాత బూట్లు తిరగేసి అడుగు చూసి మురిసిపోయాడు. "అరిగిందే లేదు చూడు. నేను చెప్పలే, మంచి సరుకని?"

"నడిస్తే గదా మామా అరిగేది," అంది అమ్మ. తాత బూట్లు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ అంతకు ముందు గానీ తర్వాత గానీ ఆయన్ని అలా నొప్పించే మాట అనడం నేను వినలేదు.

ఆ ఏడు మా చిన్నాన్న కూతురికి అదే బడిలో సీటు వచ్చింది. బూట్లు దానికి ఇచ్చేశాము. తాత సాయంత్రం దాకా ఆగి, నిలబెట్టి, నొక్కి చూసి, సరిపోయాయన్నాడు. సంచి కూడా ఇవ్వమన్నాడు. కనిపించడం లేదని చెప్పాను. బియ్యం కుండ వెనక నేనే దాచాను. సంచి లేకపోతే తొడుక్కునే పోతుంది కదా అనుకున్నాను. నేను చేయలేని పని పన్నెండేళ్ళ పిల్ల చేత చేయించాలనుకోవడం ఎంత పిరికితనమో అప్పుడు తట్టలేదు.

సోమవారం పొద్దున దాని వెనకే కొంచెం దూరంలో నడిచాను. మలుపులో ఎవరూ లేరు. తాత అప్పటికి జ్వరంతో మంచాన పడి ఉన్నాడు. విప్పమని దానికి ఎవరూ చెప్పలేదు. అది తనంతట తానే ఆగి, ఒంగి, లేసులు విప్పింది. పుస్తకాల మధ్యనుంచి బట్టల కొట్టువాళ్ళిచ్చే పసుపు గుడ్డ సంచి తీసి, అందులో బూట్లు పెట్టుకుని వీధిలోకి నడిచింది.