నూట పద్దెనిమిది ఫోటోల్లో ఎన్ని విమానాలు

పోయినవి ఇవి. నూట పద్దెనిమిది ఫోటోల్లో తొంభై ఆరు. నేను రాసుకున్న నోటుపుస్తకాలు రెండు. మిగిలిన ఇరవై రెండు ఫోటోల వెనుక సిరాతో రాసి ఉన్న సంవత్సరాలు. ఆ ఇరవై రెండింటిలోనూ పదమూడింటిలో ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అశోక్ నగర్‌లో మేం కిరాయికున్న కింది వాటాలోకి నాలా నీళ్లు వచ్చిన రోజు లెక్క ఇది.

ఫోటోలు నావి కావు. ఊరి బయట కార్ఖానాలో నేను స్టోర్స్ గుమాస్తాను. అక్కడికి యంత్రాలు బిగించడానికి వచ్చిన చెకోస్లోవేకియా ఇంజనీరువి. పెద్ద యుద్ధం అయ్యాక ఆయన తమ దేశపు వైమానిక స్థావరంలో పదేళ్లకు పైగా మెకానిక్‌గా పనిచేశాడు. విమానాలన్నీ మిగ్‌లే, రష్యా నమూనాతో వాళ్ల దేశంలోనే తయారైనవి. తోకల మీద ఎరుపు, తెలుపు, నీలం మూడు ముక్కలుగా పంచుకున్న వృత్తం.

ఆదివారాలు నారాయణగూడ ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. ఒకనాడు ఆయన ఫోటోలన్నీ బల్ల మీద పరిచి, తన చేతుల మీదుగా మొత్తం ఎన్ని విమానాలు నడిచాయో చెప్పమన్నాడు. ఎన్నడూ లెక్కపెట్టుకోలేదట. రిటైరయ్యేలోపు ఆ అంకె ఒక్కటి తెలిస్తే చాలన్నాడు.

చాయ్ తెచ్చినాయన తొంగిచూశాడు. "గిన్ని ఉన్నయి గద సార్, ఒకటి మాకియ్యున్రి. రాంనగర్ పోవుడు ఆసాన్ అయితది."

నేను నంబర్లు పట్టుకున్నాను. కొన్ని విమానాల ఒంటి మీద రెండక్షరాలు, రెండంకెలు. కొన్నింటి మీద ఉత్త నాలుగంకెలు. మొదటి రకం నలభై, రెండో రకం ఇరవై నాలుగు. కలిపితే అరవై నాలుగు. మా స్టోర్స్‌లో ఒక వస్తువుకు ఒకసారి నంబరు వేస్తే అది తుక్కుకు పోయేదాకా అదే. విమానాలకూ అంతే అనుకున్నాను. అనుమానం కూడా రాలేదు.

పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ఆయన వెళ్లిపోతూ ఫోటోలు నా దగ్గరే ఉంచాడు. అరవై నాలుగు అని కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. పాత స్నేహితుల విందులో లేచి నిలబడి ఆ అంకె చెప్పాడట. ఒకాయన పకపకా నవ్వాడట. యాభై ఏడో సంవత్సరంలో నంబర్ల పద్ధతి మారింది, అక్షరాలు చెరిపి నాలుగంకెలు వేశారు, నీ విమానాలు రెండేసిసార్లు పుట్టాయి అన్నాడట. ఇంజనీరు ఎప్పుడూ రెంచీ పట్టుకునేవాడే గాని నంబర్లు చూసినవాడు కాదు. "మళ్లీ లెక్కపెట్టండి. ఈసారి వాళ్ల ముందు నవ్వులపాలు కాకూడదు," అని రాశాడు.

మళ్లీ మొదలుపెట్టాను. భూతద్దం పెట్టి అతుకులు, సొట్టలు, అక్షరాలు చెరిపిన చోట రంగు తేడా చూస్తూ పాత నంబరుకు కొత్త నంబరు జతచేయాలి. రోజూ ఆఫీసు నుంచి రాగానే ఒక గంట. కళ్లు లాగేవి. ఏడు జతలు తేలాయి. ఎనిమిదోది వెతుకుతుండగా వానలు పట్టుకున్నాయి. ఫోటోల పెట్టె మంచం కింద ఉంది.

నీళ్లు తీశాక ఇంటి ఓనరావిడ మేడ మీంచి దిగివచ్చింది. "పరేషాన్ గాకున్రి సారూ. బియ్యం పైనున్నయి, పిల్లలు పైనున్నరు. ఇంకేం పోయింది?"

"విమానాలండీ."

"గవి ఎగిరేటియి గద. మునుగుడేంది?"

మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఫోటోలు దండెం మీద ఆరేస్తూ మాత్రం అంది, "ఉన్నదున్నట్టు రాసెయ్యండి. ఆయనేం కొడతాడా?"

రాయలేదు. పని జరుగుతోంది, కొద్దిగా ఆగమని రాశాను. మరుసటి ఏడాది మళ్లీ అదే రాశాను. ఆయన మాత్రం తొందరపెట్టలేదు. విందుకు వెళ్లడం మానేశానని ఒక ఉత్తరంలో రాశాడు, ఎందుకని నేను అడగలేదు. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

ఏడు జతలు తీసేస్తే యాభై ఏడు. ఆ నాలుగంకెలవన్నీ పాతవాటికే జతపడితే నలభై. నలభైకి తగ్గదు, యాభై ఏడుకి మించదు. ఆ మధ్యలో ఉన్న ఒక్క అంకె నేనాయనకు ఇంకా ఇవ్వాలి.