పిన్ని కూడా పరీక్ష రాసింది

ఎంసెట్‌లో నాకు మొదటిసారి వచ్చిన ర్యాంకు మా నాన్న ఎవరికీ చెప్పలేదు. స్కూల్లో తోటి టీచర్లు అడిగితే "ఇంకా చూడలేదండి" అని కొన్నాళ్లు నెట్టుకొచ్చి, ఆ తర్వాత "లాంగ్ టర్మ్‌కి పంపుతున్నామండి" అనడం మొదలుపెట్టారు. తొంభైల్లో మా వైపు ఆ మాట వింటే ఇంక విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లకి డాక్టరు సీటు రాలేదు, ఇంట్లోవాళ్లు మాత్రం ఆశ వదులుకోలేదు అని అర్థం.

మాది మొగల్తూరు దగ్గర పల్లెటూరు. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. కోచింగేమో రాజమండ్రిలో. హాస్టల్లో వేస్తే తిండి పడక చిక్కిపోతానని అమ్మ బెంగ. ఒక్కదాన్నే గది తీసుకుని ఉంటే ఎలాగని నాన్న బెంగ. ఈ రెండింటికీ కలిపి దొరికిన మందు మా పిన్ని.

పిన్ని అమ్మకి ఆఖరి చెల్లెలు. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో ప్యాసవగానే పెళ్లి చేసేశారు. బాబాయి మస్కట్‌లో డ్రైవరు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి, సూట్‌కేసులో సబ్బులూ సెంటుసీసాలూ తెచ్చి, వెళ్లేటప్పుడు అదే సూట్‌కేసులో ఆవకాయ, ఎండు రొయ్యలూ పట్టుకెళ్లేవాడు. పిల్లలు లేరు. అత్తమామలు ఎప్పుడో పోయారు. అందుకని పిన్ని ఏడాదిలో ఎక్కువభాగం మా ఇంట్లోనే ఉండేది. "అమ్మాయికి తోడుగా రాజమండ్రి వెళ్తావేంటే?" అని అమ్మ అడిగిందో లేదో, "ఎప్పుడు బయల్దేరాలి?" అంది.

దానవాయిపేటలో ఒక మేడ మీద గది దొరికింది. గదిలోనే ఒక మూల గట్టు, దాని మీద కిరసనాయిలు స్టవ్వు. అదే వంటిల్లు. తెల్లారగానే నేను క్లాసుకి పరిగెత్తేదాన్ని. మధ్యాహ్నం వచ్చేసరికి పిన్ని వండి, బట్టలుతికి, కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే రిక్షాల్ని చూస్తూ ఉండేది.

"ఏంటి పిన్నీ, అలా ఉన్నావు?"

"ఏం లేదే. పొద్దుట్నుంచీ నాతో మాట్లాడింది ఒక్క కూరగాయలావిడే. అదీ బెండకాయల గురించి."

మర్నాడు నేను వచ్చేసరికి నా జువాలజీ పుస్తకం ఆవిడ ఒళ్లో ఉంది. మొదట్లో అది నన్ను చదివించడానికే. నేను కంచం ముందు కూర్చోగానే ప్రశ్న వేసేది. జవాబు చెబితేగానీ అన్నంలో చారు పడేది కాదు. ఒకరోజు గట్టు కింద నుంచి బొద్దింక బయటికొచ్చింది. పిన్ని చీపురు ఎత్తి, కొట్టకుండా ఆగి, నా వైపు తిరిగింది.

"దీని గుండెకి గదులెన్నే?"

"అబ్బా, ముందు దాన్ని కొట్టు పిన్నీ!"

"ఎన్నో చెప్పు, కొడతాను."

"పదమూడు!"

చీపురు పడింది. "పాపం, అన్ని గదులుండి ఏం లాభం" అంది, దాన్ని ఊడ్చి పారేస్తూ.

నేను తెచ్చుకునే వారం పరీక్షల పేపర్లు తను కూడా చేయడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను సరిగ్గా గమనించలేదు. ఒక ఆదివారం సరదాగా ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకే పేపరు రాశాం. బోటనీలో తనకి నాతో సమానంగా మార్కులొచ్చాయి. జువాలజీలో నన్ను దాటేసింది. ఫిజిక్స్ మాత్రం ఒక పేజీ తిప్పి చూసి, "ఈ కప్పీలూ తాళ్లూ నా వల్ల కాదే" అని మూసేసింది. నేను నవ్వాను గానీ లోపల కాస్త చురుక్కుమంది. కోచింగ్ నాకు, మార్కులు తనకా! ఆ రాత్రి అలిగి, జువాలజీ ఇంకో రెండు పాఠాలు ఎక్కువ చదివాను. పిన్నికి సంగతి అర్థమైనట్టుంది. మర్నాడు నాకిష్టమని కోడిగుడ్డు పులుసు పెట్టింది.

మేం లూథరన్లం. ఆదివారాలు ఆరాధనకి వెళ్లేవాళ్లం. అక్కడ మా వరసలో కూర్చునే ఒక స్టాఫ్ నర్సుగారు ఒకసారి పిన్నితో, "మిషన్ ఆస్పత్రి కాలేజీలో నర్సింగ్ డిగ్రీకి అప్లికేషన్లు ఇస్తున్నారమ్మా. మీ అమ్మాయి చేత కూడా పెట్టించండి. ఎంసెట్ ఎలా ఉంటుందో ఏమో" అన్నారు. ఆవిడ నన్ను పిన్ని కూతురనుకున్నారు. పిన్ని ఆ మాట సరిచేయలేదు. "వయసు ఎంతవరకూ ఉండచ్చండీ?" అని మాత్రం అడిగింది.

సోమవారం నేను క్లాసు నుంచి వచ్చేసరికి గట్టు మీద రెండు అప్లికేషన్లు ఉన్నాయి.

"ఒకటి పాడైపోతే ఉంటుందనా పిన్నీ?"

"కాదే," అంది, ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండా. "ఒకటి నీకు. ఒకటి నాకు."

అప్లికేషన్‌తోపాటు ఇచ్చిన రూల్స్ పుస్తకాన్ని ఇద్దరం ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివాం. పెళ్లయినవాళ్లు పెట్టకూడదని ఎక్కడైనా రాశారేమోనని. ఎక్కడా లేదు. వయసు కూడా సరిపోయింది. కోటగుమ్మం దగ్గర స్టూడియోలో ఫొటో దిగడానికి వెళ్తే, ఫొటోగ్రాఫరు వెనక కొబ్బరిచెట్లూ చందమామా ఉన్న తెర దించబోయాడు. "పరీక్షకండి" అంది పిన్ని, సిగ్గుపడుతూ. ఆయన ఆ తెరని గబగబా పైకి చుట్టేశాడు.

ఇంక బాబాయికి చెప్పాలి. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు మా వీధిలో ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవాడు. దూరదేశం నుంచి మాట్లాడేటప్పుడు గట్టిగా అరవాలని ఆయన నమ్మకం. అందుకని బూత్ బయట నిలబడ్డ నాకు కూడా రెండువైపుల మాటలూ వినిపించేవి.

"ఏమండీ, నేను నర్సింగ్‌కి అప్లికేషన్ పెడదామనుకుంటున్నాను."

అటు నుంచి చప్పుడు లేదు.

"ఏమండీ? లైన్ ఉందా?"

"ఉంది, ఉంది. ఎన్నేళ్ల చదువది?"

"నాలుగేళ్లండి."

పిన్ని చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది.

"సరేలే," అన్నాడు బాబాయి. "వీసా ఎలాగూ రెన్యువల్ చేయించాను. నేనిక్కడ కారు తోలుకుంటూ ఉంటాను, నువ్వక్కడ చదువుకుంటూ ఉండు. ఊరికే కూర్చోడం కంటే నయం కదా!"

బయటికొచ్చి పిన్ని కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వింది. దారిలో బజ్జీలు కొనిపెట్టింది.

నాన్న దగ్గరే కాస్త చిక్కొచ్చింది. మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు విషయం విని, "ఇప్పుడీ చదువేంటమ్మా? ఆ పిల్లలందరి మధ్యా నువ్వు కూర్చోగలవా?" అన్నారు.

"బావగారూ, చదువుకి వయసు లేదని మీరేగా అంటారు?"

"అది క్లాసులో చెప్పే మాటమ్మా!" అన్నారు నాన్న. అనేసి, తన మాటకి తనే నవ్వేశారు. ఇంటర్ తెలుగు మీడియంలో చదివిన పిన్నికి ఇంగ్లీషే పెద్ద కొండ అని తెలిశాక, వచ్చిన ప్రతిసారీ ఇంగ్లీషు పేపరు పట్టుకొచ్చి, గట్టిగా చదివించి, తప్పులు దిద్దేవారు. నాకు ఎన్నడూ అంత ఓపిగ్గా చెప్పిన గుర్తు లేదు.

నర్సింగ్ రాతపరీక్షలో ఇద్దరం ప్యాసయ్యాం. ఇంటర్వ్యూకి ఒకే రోజు పిలిచారు. నన్ను ముందు పిలిచారు. లోపల ముగ్గురున్నారు. నడుమ కూర్చున్న పెద్దావిడ ప్రిన్సిపాల్. నర్సింగ్ ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, బట్టీపట్టిన జవాబు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆవిడ చిరునవ్వు నవ్వి, "మరి ఎంసెట్‌లో సీటొస్తే?" అన్నారు.

"వెళ్లిపోతానండి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. అంతే, పంపించేశారు.

బయటికొస్తుంటే పిన్ని లేచి లోపలికి బయల్దేరింది. తలుపు దగ్గర కూర్చున్న గుమాస్తాగారు, "మీ అమ్మాయిది అయిపోయిందండి. గార్డియన్లు లోపలికి వెళ్లక్కర్లేదు" అన్నారు.

"నాది అవలేదండి" అంది పిన్ని.

ఆయన పిన్నిని చూశారు, చేతిలో హాల్ టికెట్ చూశారు, మళ్లీ పిన్నిని చూశారు. "వెళ్లండి, వెళ్లండమ్మా" అంటూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

లోపల జరిగింది తిరుగు బస్సులో పిన్ని ఆ ముగ్గురి గొంతులూ మార్చి మార్చి చెప్పింది. పెళ్లయిందా, ఆయనేం చేస్తారు, నాలుగేళ్లు హాస్టల్లో ఉండగలవా, ఇవన్నీ అడిగారట. ఆ తర్వాత ప్రిన్సిపాల్‌గారు, "పేషెంటు మందు వేసుకోనని మొండికేస్తే ఏం చేస్తావు?" అన్నారట.

"ముందు ఎందుకొద్దంటున్నారో అడుగుతానండి."

"చెప్పకపోతే?"

"కాసేపు పక్కన కూర్చుంటానండి. మా అమ్మ మంచాన పడ్డప్పుడు అలాగే చేసేదాన్ని. ఎదురుగా నిలబడితే వేసుకునేది కాదు. పక్కన కూర్చుంటే వేసుకునేది."

"ఇదే ఇంగ్లీషులో చెప్పు" అన్నారట ఆవిడ. పిన్ని చెప్పిందట. మధ్యలో రెండుసార్లు ఆగిందట. ఆగినప్పుడు వాళ్లు తొందరపెట్టలేదట.

"పోయిందంటావా?" అంది నాతో, బస్సు కిటికీలోంచి వరిచేలు చూస్తూ. వాళ్లు నవ్వారా అని అడిగాను. నవ్వలేదంది. "రాసుకున్నారే, ముగ్గురూ."

పిన్నికి సీటొచ్చింది. నాకు రాలేదు. ప్రిన్సిపాల్‌గారు నా మాట నమ్మారన్నమాట.

నమ్మినందుకు తగ్గట్టు ఎంసెట్‌లో నా ర్యాంకు బాగానే మెరుగుపడింది. ఎంబీబీఎస్‌కి మాత్రం చాలలేదు. నాన్నా నేనూ విజయవాడ కౌన్సెలింగ్‌కి వెళ్లాం. నా వంతు వచ్చేసరికి నాకు అందేవాటిలో మిగిలింది ఫిజియోథెరపీ. నాన్న పక్కన కూర్చున్న పెద్దమనిషిని, "ఏమండీ, ఈ ఫిజియోథెరపీ అంటే ఏంటండీ?" అని మెల్లిగా అడిగారు.

"మాకూ తెలీదండి," అన్నాడాయన. "మా వాడికి కూడా అదే తీసుకుంటున్నాం."

ఇద్దరూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. నేను సంతకం పెట్టాను. ఊళ్లో అది "కాళ్లూ చేతులూ పట్టే చదువట" అయింది. అమ్మ మాత్రం అడిగినవాళ్లందరికీ "అదీ డాక్టరేనండి, మందులుండవంతే" అని చెప్పేది. ఇప్పటికీ నా పని గురించి అంతకంటే మంచి వివరణ నాకు తట్టలేదు.

పిన్ని నాలుగేళ్లూ హాస్టల్లోనే ఉండి చదివింది. క్లాసులో అందరికంటే పెద్దది కాబట్టి మొదటి నెల పిల్లలు "మేడమ్" అని లేచి నిలబడేవారట. రెండో నెల నుంచి "అక్కా" అని, జడలు వేయించుకోవడానికి వరసకట్టారట. చదువయ్యాక అదే ఆస్పత్రిలో కొన్నాళ్లు పనిచేసి, మస్కట్‌లో ఉద్యోగం సంపాదించింది. ఆస్పత్రివాళ్లు క్వార్టర్ ఇచ్చారు. అన్నేళ్లూ పదిమందితో ఒకే గదిలో పడుకున్న బాబాయి, భార్య ఉద్యోగానికి వచ్చిన ఇంట్లోకి తన సూట్‌కేసు పట్టుకుని వెళ్లాడు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద సెలవులకి మించి ఉండటం అదే మొదలు. ఆవిడకి నైట్ డ్యూటీ పడితే ఈయన వండేవాడు. "నీ చారు కంటే ఆయన చారే బాగుందే" అని పిన్ని నాకు చెప్పింది. నేను చారెప్పుడు పెట్టానో నాకైతే గుర్తు లేదు.

నేను భీమవరంలో చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. రిటైరయ్యాక నా దగ్గరికే వచ్చేసిన నాన్నకి మోకాళ్ల నొప్పులొచ్చాయి. వ్యాయామాలు చూపించాను. "చేస్తాలేమ్మా" అనేవారు గానీ చేసేవారు కాదు. నెలపాటు పోరి, చివరికి పిన్నికి చెప్పాను. ఆవిడ ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"బావగారూ, ఎందుకు చేయట్లేదండీ?"

నాన్న ఏదో గొణిగారు. ఆ తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయారు. మర్నాడు పొద్దున నేను కాఫీ పట్టుకెళ్లేసరికి మంచం మీద వెల్లకిలా పడుకుని, కుడికాలు తిన్నగా పైకెత్తి, పళ్లు బిగించి లెక్కపెడుతున్నారు.