కూలర్ మీద వేసిన నింద

మా ఇంటి అటక మీద ఐదు కంప్యూటర్లున్నాయి. ఐదు అని చెప్పడం కూడా సాహసమే. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి, దాని ఫ్యాన్ వేరేదానికి మార్చి మార్చి, ఏది ఏదో నాకే తెలియకుండా చేసుకున్నాను. బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ పాతికేళ్ళుగా నాకున్న వ్యసనం ఇదొక్కటే. ఈ వేసవిలో ఇంటికి రంగులు వేయించాలని, అటక ఖాళీ చేయమని మా ఆవిడ గట్టిగా చెప్పింది. ఒకటి ఉంచుకుని మిగతావి పాత సామాన్ల బండికి వేసేయమంది. ఐదింటినీ గదిలోకి దించి, ఏది ఉంచాలో తేలక వారం రోజులుగా వాటి మధ్యే కూర్చున్నాను.

మొదటిదాన్ని మాత్రం గుర్తుపట్టాను. దాని డబ్బా మీద "కూలర్ నీళ్ళకు పోయింది" అని నేనే స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను. ఇరవై ఏళ్ళుగా దాన్ని విప్పలేదు. విప్పడమెందుకు, పోయింది కదా!

మాది రెంటచింతల. ఇక్కడి ఎండ గురించి టీవీలో చెబుతారు, మేం అనుభవిస్తాం. అది పోయిన రోజు పొద్దున్నే డబ్బా పక్క మూత తీసి, ర్యామ్ పీకి, దుమ్ము తుడిచి మళ్ళీ పెట్టాను. మూత కూడా బిగించకుండా పరీక్ష పేపర్లు దిద్దడానికి నరసరావుపేట వెళ్ళిపోయాను. మా ఆవిడ అప్పట్లో చర్చిలో పాడేవాళ్ళకు పాటలు టైపు చేసి ఇచ్చేది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేది గానీ, నాకంటే ఇష్టంగా కూర్చునేది. సాయంత్రం నేనొచ్చేసరికి కంప్యూటర్ ఆన్ కావడం లేదంది. చూస్తే గదిలో నీళ్ళు పోసుకునే ఎయిర్ కూలర్ దానివైపు తిప్పి ఉంది. ఎంతకీ ఆన్ కాకపోతే, పాపం అదీ ఎండకు ఉడికిపోయిందేమోనని తిప్పిందట.

బస్సు దిగి వచ్చిన ఒళ్ళు, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. అలాగే వంగి లోపలికి చూశాను. మదర్‌బోర్డు మీద ఒక నీటిచుక్క. ఇంకేమీ చూడలేదు.

"ఏమే, నీ కూలరే చంపింది దీన్ని" అన్నాను. ఆమె ఏదో చెప్పబోయింది. నేను అరుస్తూనే ఉన్నాను.

ఆ మాట ఆ రోజుతో ఆగలేదు. ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ చెప్పి నవ్వించేవాణ్ణి. తర్వాత నేను కొన్న ఏ కంప్యూటర్ దగ్గరికీ ఆమె రాలేదు. బల్ల తుడవాల్సి వచ్చినా నన్నే తుడుచుకోమనేది. ఆసక్తి పోయిందేమో అనుకున్నాను.

మొన్న, పారేసే ముందు ఒక్కసారి చూద్దామని ఆ డబ్బా విప్పాను. ర్యామ్ ఒక పక్క లేచి ఉంది, గాడిలో సగమే కూర్చుంది. తీసి, అంచును రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా నొక్కాను. స్విచ్ వేస్తే ఒక్కసారి బీప్ అంది. తేదీ తప్పు చూపించింది గానీ, తెర మీద అన్నీ వచ్చాయి. ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ వచ్చింది. నాకేమీ అర్థం కాలేదు. నీళ్ళు పడి చచ్చింది ఎలా లేచింది? ఎండిపోయి బాగయిందా? లేక ఆ పొద్దున ర్యామ్ నేనే సరిగ్గా పెట్టలేదా? ఆడలేక మద్దెల ఓడన్నానా?

మా ఆవిడను పిలిచాను. గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. నేను తెరిచి పెట్టిన పాత ఫైల్లో, ఆమె టైపు చేసిన పాట తెర మీద రెండో చరణంలో ఆగి ఉంది.

"ఆ రోజు కూలర్లో నీళ్ళే లేవయ్యా" అంది. "రెండ్రోజుల్నించీ పంపు రాలా. ఉత్త గాలే కొట్టింది. అప్పుడే చెప్పా గదా."

చెప్పిందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ఆ బోర్డు మీద ఏ స్లాట్ ఎక్కడుందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలను. మరి ఆ చుక్క ఎక్కడిది? నుదురు తడుముకున్నాను. చెయ్యి చెమటకు తడిసింది. ఆ రోజూ ఇలాగే వంగి ఉన్నాను.

చానా సిగ్గేసింది. తప్పు నాదేనని చెప్పాను. ఆమె లోపలికొచ్చి, తడి లేని చేతుల్నే కొంగుతో రెండుసార్లు తుడుచుకుంది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అనడిగింది.

నేను లేచి కుర్చీ ఆమెవైపు జరిపాను.