చెరిపేసిన వరద గీత

రాజమండ్రిలో గోదావరి గట్టు పక్కనున్న పాతకాలపు మేడలో బ్యాంకు శాఖను కొత్తగా తీర్చిదిద్దే పని నాకు అప్పగించారు. హాలు గోడ మీద అడ్డంగా ఉన్న ఒక గీతను పగులనుకుని, పుట్టీ పెట్టించి తెల్లరంగు వేయించేశాను.

ప్రారంభోత్సవం రోజు ఒక ముసలావిడ ఆ గోడను తడుముతూ, "వరద గీత ఏదండీ? ఇక్కడ వాచ్‌మన్‌గా ఉన్న మా ఆయన ఆ నీళ్లలోనే పోయారండి. వరద తీశాక మరక మీద నేనే మేకుతో గీశాను," అన్నారు.

అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. పెన్సిల్ చేతికిచ్చాను. "సరిగ్గా నా భుజం దాకా వచ్చాయండి నీళ్లు," అంటూ భుజం గోడకానించి గీసి, కళ్లకద్దుకుని వెళ్లిపోయారు.

పని మొదలుపెట్టకముందు తీసిన ఫొటో ఆ సాయంత్రం చూశాను. అసలు గీత జానెడు పైన ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ అంత వంగిపోయారు. ఆ గీతను సరిచేయడానికి నాకు చేతులు రాలేదు.